సాక: జడ్చర్ల నేలలో పండు, కల్లు, దైవం

జడ్చర్ల హైదరాబాదుకు దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్ల దూరంలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పాలమూరు మార్కెట్ పట్టణం. పక్కనే కలిసిపోయిన బాదేపల్లి వ్యవసాయ మార్కెట్టు చుట్టుపక్కల రైతులకు పెద్ద దిక్కు. ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, నమ్మలేని వానలు ఈ సీమ లక్షణం. అలాంటి నేల మీద ఎవరూ నీళ్లు పెట్టకుండానే బతికే చెట్లు మూడున్నాయి: సీతాఫలం, ఈత, తాడి. మొదటి చెట్టు పండు ఇస్తుంది. మిగతా రెండూ పండ్లూ ముంజలూ ఇచ్చినా, వాటికి పేరు తెచ్చింది మాత్రం కల్లు.

ఈ నేల ఇచ్చిన సీతాఫలాన్ని ఏ గుడిలో పెట్టినా కాదనేవారు లేరు. కల్లు విషయం అలా కాదు. ఎల్లమ్మ గుడిలో అది అమ్మకు ముందుగా చెందాల్సిన సొమ్ము. అదే మండలంలోని గంగాపురం చెన్నకేశవుడి గుడిలో దానికి గడప దాటే వీలే లేదు. ఆల్వాన్‌పల్లిలో ఒకప్పుడు ఇటుకలతో గుడి కట్టుకున్న జైనులకు దాని చుక్క నోట పడినా హింసే. ఒక చెట్టు రసం ఒక దేవత ముందు నైవేద్యమై, ఇంకో దేవుడి ముందు పాపమవుతుందా? అవుతుందంటే ఆ తేడా రసంలో ఉందా, తాగేవాడిలో ఉందా, లేక ఆ రెండింటి మధ్య జరిగే క్రియలో ఉందా? మద్యం గురించి భారతీయ మతాలు వేసుకున్న ప్రశ్నల్లో చాలావరకు ఇక్కడ ఒక్క మండలం పరిధిలోనే ఎదురవుతాయి.

ముందు పండు సంగతి. రహదారి మీద జడ్చర్లకు ఉత్తరంగా ఉన్న బాలానగర్ పేరును ఉద్యానశాస్త్రం ఒక సీతాఫలపు రకానికి పెట్టుకుంది. దేశంలో ఎక్కడ సీతాఫలం తోట వేయాలన్నా 'బాలానగర్' రకం పేరు వినబడుతుంది. గుట్టల మీదా పొలం గట్ల మీదా దానంతట అది మొలిచే ఈ చెట్టు ఆకును మేకలు ముట్టవు. మేత కరువైన సీమలో అది మిగిలి ఉండటానికి ఆ చేదే కాపలా. ఆశ్వయుజ కార్తీకాల్లో కాయ మీది కండ్లు విచ్చుకుని, వాటి మధ్య సందులు తెల్లబడితే కోతకు వచ్చినట్టు. కోసిన రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఆ తర్వాత నిలవదు. అందుకే ఆ కాలంలో రహదారి పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల బేరంలో తొందర ఉంటుంది.

ఈ చెట్టు పుట్టుక ఉష్ణ అమెరికా ప్రాంతం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసుల ఓడల్లో ఇక్కడికి వచ్చిందని ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞుల మాట. భర్హుత్ శిల్పాల్లో దీన్ని పోలిన కాయను చూసి పురావస్తు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అంతకు పూర్వమే ఉందని వాదించాడు గాని ఆ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. సముద్రం దాటి వచ్చిన పండుకు జనం సీత పేరు పెట్టారు. దాని చుట్టాలకు రామాఫలం, లక్ష్మణఫలం, హనుమాన్ ఫలం అని పేర్లు వెలిశాయి. నాలుగైదు వందల ఏళ్లలో ఒక పరాయి చెట్టు రామాయణ కుటుంబంలో సభ్యురాలైంది. దాని శుద్ధిని ఎవరూ ప్రశ్నించలేదు. యుగాలుగా ఈ నేలలోనే ఉన్న తాడి, ఈత చెట్ల రసం మీదనేమో శాస్త్రాలన్నీ తర్జనభర్జన పడ్డాయి. కాబట్టి శుద్ధాశుద్ధాల లెక్క పుట్టుకను బట్టి నడవలేదన్నది ఇక్కడ తేలిపోతుంది.

మరి దేన్ని బట్టి నడిచింది? కల్లు ఎలా పుడుతుందో చూస్తే కొంత తెలుస్తుంది. తాటిచెట్టుకు గెల కొస చెక్కుతారు. ఈతచెట్టుకు మొవ్వు కింద మాను మీదే గీత పెడతారు. ఈతకు ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు రెండో వైపు గీస్తారు గనుక మాను మీద మెట్లు మెట్లుగా గాట్లు పడతాయి. వాటిని లెక్కపెడితే ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పవచ్చు. లొట్టి అనే కుండలోకి చుక్క చుక్కగా దిగేటప్పుడు అది తియ్యని నీరే, నీరా. గాలిలోనూ లొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్టు దాన్ని పట్టుకుంటే కొద్ది గంటల్లో చక్కెర సారాయంగా మారడం మొదలవుతుంది. పొద్దెక్కేసరికి నురగ కట్టి, నాలుగైదు శాతం సారాయం ఉన్న కల్లవుతుంది. ఇంకా వదిలేస్తే పులిసి పులిసి చివరికి వెనిగర్ అవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ మార్పు ఆగుతుంది.

అంటే తెల్లవారుజామున ఏ దోషమూ లేని రసం మధ్యాహ్నానికి నిషిద్ధమై, కొన్నాళ్లకు ఊరగాయలో వాడదగ్గ పులుపై మళ్లీ నిర్దోషమవుతోంది. చెట్టు అదే, లొట్టి అదే. మారింది కాలం. మద్యాన్ని గురించిన ధర్మచర్చ అంతా ఈ కొద్ది గంటల సందులోనే జరుగుతుంది. ఏ క్షణంలో గీత గీయాలన్నదే దాని చిక్కు.

ఈ చిక్కును సూటిగా పట్టుకున్నవారిలో ఇస్లాం న్యాయవేత్తలు ముందుంటారు. పాలమూరుకు వచ్చిన మహబూబ్‌నగర్ అన్న పేరే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది గనుక వారి వాదం ఈ సీమకు దూరపు ముచ్చట కాదు. ఖురాన్ నిషేధించిన 'ఖమ్ర్' అన్న మాటకు మూలధాతువు అర్థం 'కప్పడం'. బుద్ధిని కప్పేదేదైనా ఖమ్రే అన్నది మెజారిటీ అభిప్రాయం. ఖర్జూరాన్ని నీళ్లలో నానబెట్టిన 'నబీజ్' తాగవచ్చా అన్నచోట పెద్ద చర్చ లేచింది. నానబెట్టిన మొదటి రోజుల్లో అది ఒట్టి తీపి నీళ్లు, తర్వాత పులుస్తుంది. అబూ హనీఫా ద్రాక్షతో చేసినదాన్ని వేరుగా, మిగతా పానీయాలను వేరుగా చూసి, రెండో రకంలో మత్తెక్కేదాకా తాగడాన్నే తప్పన్నాడు. ఆయన శిష్యుడు ముహమ్మద్ అల్ షైబానీ కొంచెమైనా తప్పే అన్నాడు. అబూ హనీఫా మార్గంలోని తర్వాతి హనఫీలు శిష్యుడి మాటనే పట్టుకున్నారు. ఖర్జూరం చెట్టుకు మన ఈతచెట్టు తోబుట్టువు, రెండూ ఒకే ప్రజాతి. అరేబియాలో ఒక చెట్టు పండు గురించి జరిగిన వాదం పాలమూరులో దాని తోబుట్టువు రసానికీ అక్షరాలా వర్తిస్తుంది. అయినా హైదరాబాదు రాజ్యపు ఖజానాకు ఆబ్కారీ, అంటే మద్యం మీది పన్ను, పెద్ద రాబడిగానే ఉండేది. ఆబ్కారీ అన్న మాట నేటికీ తెలంగాణ పల్లెల్లో వాడుకలో ఉంది. ధర్మశాస్త్రం ఒకటి చెప్పినా రాజ్యం మరో లెక్క చూసుకుంది. ప్రజలెన్నుకున్న ప్రభుత్వాలు కూడా ఆ లెక్క నుంచి బయటపడలేదు.

వైదిక వాఙ్మయం ఒక్క మాట మీద నిలవలేదు. సౌత్రామణి యాగంలో సురను ఆహుతిగా వాడతారు. శతపథ బ్రాహ్మణమేమో సోమాన్ని సత్యంతోనూ వెలుగుతోనూ, సురను అసత్యంతోనూ చీకటితోనూ జతచేస్తుంది. పంచ మహాపాతకాల్లో సురాపానం ఒకటని మనుస్మృతి చెబుతూ, సురను అన్నపు మలం అంటుంది. అదే స్మృతి ఇంకోచోట మద్యమాంసాల వైపు పోవడం ప్రాణుల స్వభావమనీ, మానుకోవడం గొప్ప ఫలమనీ ఒప్పుకుంటుంది. తెలుగువారికి ఈ నిషేధం కథగా చేరింది. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుడి చేత తాగించారు. మత్తు దిగాక తాను మింగింది తన శిష్యుణ్ణేనని తెలిసిన గురువు, ఇకమీదట బ్రాహ్మణులు మొదలైనవారికి సుర పాపమని కట్టడి చేశాడు. నన్నయ ఆదిపర్వంలో ఉన్న ఈ కథలో సుర తప్పు దాని పదార్థంలో లేదు. అందులో ఏం కలిసిందో తాగేవాడికి తెలియకుండా చేయడమే దాని తప్పు. ఈ మాట మళ్లీ అవసరపడుతుంది.

గంగాపురంలోని చెన్నకేశవాలయం కళ్యాణి చాళుక్యుల కాలపు కట్టడం. అక్కడి మర్యాద శుద్ధ వైష్ణవం. తులసి, పచ్చకర్పూరం వేసిన తీర్థం అర్చకుడి ఉద్ధరిణె నుంచి భక్తుడి అరచేతిలోకి వస్తుంది. వైష్ణవానికి తాడిచెట్టు మొత్తంగా పరాయిదనుకుంటే మాత్రం పొరపాటు. కృష్ణుడి అన్న బలరాముడి జెండా మీది గుర్తు తాటిచెట్టే, అందుకే ఆయన తాళధ్వజుడు. వారుణి అంటే ఆయనకు ప్రీతి అని పురాణాలు దాచకుండా చెప్పాయి. అన్నకు దోషం కానిది తమ్ముడి గుడిలో దోషమవడానికి కారణం ఆలయ ఆగమం. దేవుడి ఇష్టాయిష్టాల కంటే అక్కడి సేవ నడిపేవారి నియమానికే పెద్దరికం.

జైనుల అభ్యంతరం వీటన్నిటికంటే లోతైనది. ఆల్వాన్‌పల్లిలోని గొల్లత్తగుడి ఏడు ఎనిమిది శతాబ్దాల నాటి ఇటుక గుడి. సుమారు 65 అడుగుల ఎత్తున నిలిచి ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని భీతర్‌గావ్, ఛత్తీస్‌గఢ్‌లోని సిర్పూర్ గుళ్ల సరసన చెప్పుకోదగ్గ అరుదైన కట్టడం. రాయికి కొదవలేని సీమలో ఇంత ఎత్తున ఇటుక పేర్చినవారి పట్టుదల చూసినవారికి అర్థమవుతుంది. పూజ ఆగిపోయి ఎన్నో వందల ఏళ్లయింది. జనం నోట గొల్ల స్త్రీ పేరు మిగిలింది, తీర్థంకరుల పేర్లు మిగల్లేదు.

ఆ గుడి కట్టినవారి మతంలో గృహస్థుడు విడిచిపెట్టాల్సిన వాటిలో మొదటి మూడూ మద్యం, మాంసం, తేనె. జైనాచార్యుడు అమృతచంద్రుడు పురుషార్థసిద్ధ్యుపాయంలో మద్యాన్ని ఎందుకు మానాలో రెండు కారణాలు చూపాడు. మత్తులో మనసు ధర్మాన్ని మరిచిపోతుంది గనుక మనిషి వెరపు లేకుండా హింసకు దిగుతాడన్నది మొదటిది. దీన్ని చాలా మతాలు చెప్పాయి. రెండోది జైనులు ఒక్కరే చెప్పగలిగింది: పులిసే రసం లెక్కలేనన్ని సూక్ష్మజీవులకు పుట్టినిల్లు, దాన్ని తాగడమంటే వాటిని చంపడమే. సూక్ష్మదర్శిని పుట్టడానికి శతాబ్దాల ముందు, ఈస్టు అన్న పేరు లేనినాడు, పులియడమంటే ప్రాణులు పుట్టడమని వారు తేల్చారు. మద్యంతో పాటు ఐదు రకాల మేడి జాతి పండ్లనూ వారు విడిచిపెట్టారు. వాటిలో మర్రిపండు ఒకటి. ఆ పండ్ల లోపల పురుగులు నివసిస్తాయని కారణం. ఆల్వాన్‌పల్లిలో దొరికిన జైన విగ్రహాల్లో ఒకటి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి పక్కనున్న ప్రదర్శనశాలలో ఉంది. ఆ జినుడికి పక్కనే, ఆయన మతం వద్దన్న పండ్లను రాల్చుకుంటూ, ఎకరాల మేర ఊడలు దించిన మర్రి నిలబడి ఉంది. ఇద్దరికీ పేచీ లేదు. పక్షులు తిని, గింజలు చల్లి, మళ్లీ మర్రిని మొలిపిస్తున్నాయి.

ఇంత బలమైన అభ్యంతరానికి ఎల్లమ్మ గుడి దగ్గర సమాధానం ఉందా? శాస్త్రగ్రంథం రూపంలో లేదు, క్రియ రూపంలో ఉంది. దాని పేరు సాక.

ఎల్లమ్మ అంటే రేణుక. జమదగ్ని భార్య, కొడుకు చేత తల తెగిపడిన తల్లి. బైండ్లవారు జమిడిక మోగిస్తూ రాత్రంతా ఆమె కథ చెబుతారు. కల్లుగీసే గౌండ్లవారికి ఆమె ఇలవేల్పు, చెట్టు మీద కాపాడే దేవుడు కాటమయ్య. ముస్తాదు బిగించి, మోకు మీద భారమేసి మాను వెంట పైకి పోయే మనిషికి కాలు జారితే ఆధారం లేదు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ఇచ్చిన రక్షణ కిట్లకు 'కాటమయ్య రక్షణ కవచం' అని పేరు పెట్టిందంటే ఆ దేవుడి పని ఏమిటో అందరికీ తెలిసినదే. పండుగనాడు గుడి ముందు నేల మీద ధారగా పోసేది సాక. పసుపు, వేపాకు, బెల్లం కలిపిన నీళ్లు సాకగా పోసేవారున్నారు. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మల దగ్గర కల్లు పోయడం పాత వాడుక. పండుగే అక్కర్లేదు. ఈతవనంలో తాటాకు రేక పట్టుకుని కూర్చున్న మనిషి కూడా నోటికి పెట్టుకునే ముందు నాలుగు చుక్కలు నేల మీద విదిలిస్తాడు. అవి అమ్మవి, లేదా పోయిన పెద్దలవి.

గంగాపురం తీర్థాన్నీ ఈ సాకనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తీర్థం దేవుడి నుంచి మనిషికి దిగుతుంది. సాక మనిషి నుంచి నేలకు దిగుతుంది. ఒకటి పుచ్చుకోవడం, ఒకటి ఇచ్చుకోవడం. తీర్థంలో పదార్థం ముందే శుద్ధమై ఉండాలి, ఎందుకంటే అది దేవుణ్ణి తాకి వస్తోంది. సాకలో శుద్ధి ప్రశ్న వెనక్కి పోతుంది. తనకు దొరికిన దానిలో మొదటి భాగం తనది కాదని మనిషి ఒప్పుకున్నాడా లేదా అన్నది ముందుకు వస్తుంది. చెట్టుకు గాటు పెట్టి తీసుకున్న రసం గనుక ఆ ఒప్పుకోలుకు అర్థం ఉంది. శాక్తేయ తంత్రాలు పంచమకారాల్లో మద్యాన్ని చేర్చి దానికి దీక్ష, మంత్రం, గురువు కావాలన్నాయి. సాకకు అవేవీ అక్కర్లేదు. పాతికేళ్ల కూలి మనిషి, డెబ్బై ఏళ్ల ముసలవ్వ ఒకే తీరున పోస్తారు.

జైనుడి వాదం దీనితో వీగిపోలేదు. రసంలో పుట్టిన ప్రాణుల సంగతి సాక పట్టించుకోదు. అయినా చుక్క కూడా ముట్టని నియమానికీ నాలుగు చుక్కలు ముందు విడిచే నియమానికీ ఒక పోలిక కనబడుతుంది. రెండూ చేతికీ నోటికీ మధ్య ఒక అడ్డం పెట్టాయి. దొరికిన వెంటనే మింగే హక్కు మనిషికి లేదని రెండూ అన్నాయి. జైనుడి అడ్డం గోడంత ఎత్తు, గౌండ్లాయన అడ్డం గడపంత ఎత్తు. గడప తక్కువదేమీ కాదు. రోజూ దాటేవాడికి అది రోజూ గుర్తు చేస్తుంది.

మధ్యేమార్గం వెతికినవారూ ఉన్నారు. క్రైస్తవుల ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం తప్పనిసరి, ఆనవాయితీగా అది పులిసినదే. మద్యం వద్దనే సంఘాలకు అది పెద్ద ఇరకాటం. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా ఆపే పద్ధతి కనిపెట్టింది ఇందుకోసమే. చాలా ప్రొటెస్టంటు సంఘాలు ఆ దారి పట్టాయి. జడ్చర్లలో ఆస్పత్రి నడిపిన మెన్నొనైట్ బ్రెథ్రెన్ సంఘం ద్వారా, ఇతర మిషన్ల ద్వారా క్రైస్తవం ఈ పల్లెల్లో వేళ్లూనింది. వెల్చ్ వేడితో చేసిన పనిని గౌండ్లవారు సున్నంతో ఎప్పటినుంచో చేస్తున్నారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్ ఆ పనికి ప్రభుత్వ ముద్ర. కాలాన్ని లొట్టిలోనే ఆపగలిగితే గీత గీయాల్సిన చిక్కే ఉండదన్నది ఈ దారి తర్కం. వాదంగా అది చక్కగా నిలుస్తుంది. పులియనిది దేవతకు సాక అవుతుందా అన్నదానికి మాత్రం వెల్చ్ దగ్గర జవాబు లేదు. అది ఆయా గుడి ముందు నిలబడే పెద్దమనుషులే చెప్పాలి.

పైన చెప్పిన ఏ వాదమూ ముందే ఊహించని సంగతి ఒకటి మిగిలింది. చెట్లు తగ్గి, తాగేవారు పెరిగినచోట కల్లు చెట్టు నుంచి రావడం మానేసింది. నీళ్లలో శాక్రిన్ కలిపి, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం వంటి మందులు వేసి నురగ తెప్పించినదాన్ని కల్లు పేరుతో అమ్మే వ్యాపారం పాలమూరును దశాబ్దాలుగా పీడిస్తోంది. దానికి అలవాటు పడ్డవారికి ఒక్కసారిగా దొరక్కపోతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతిభ్రమించి ఆస్పత్రుల పాలవుతారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది. చనిపోయినవారిలో, ఆస్పత్రుల్లో చేరినవారిలో ఎక్కువమంది కష్టం చేసుకుని బతికేవాళ్లు.

ఇక్కడ శుక్రాచార్యుడి కథ తిరిగి వస్తుంది. పాత్రలో ఏముందో తాగేవాడికి తెలియదు. శాస్త్రాలు చర్చించిన మద్యంలో కనీసం చెట్టో, ధాన్యమో, పువ్వో ఉంది. ఇందులో ఏదీ లేదు. జైనుడి లెక్కన చూస్తే ఇందులో పులిసి పుట్టిన ప్రాణులు కూడా లేవు. పోయేది తాగిన మనిషి ప్రాణమే. ఎల్లమ్మ లెక్కన చూస్తే నేల మీద పోసిన నాలుగు చుక్కలూ ఆమె చెట్టువి కావు, అమ్మకు అబద్ధం పోసినట్టు. పులిసిన రసం పాపమా కాదా అన్నదాని మీద మతాలు ఎన్ని రకాలుగా విడిపోయినా, ఇది మాత్రం ఏ మతం కొలతకూ అందే మద్యం కాదు. ఇది విషం. దీన్ని కల్లు అని పిలవడమే గౌండ్లవారి వృత్తికీ అమ్మవారికీ చేసే అపచారం.

తెలంగాణ పల్లెల్లో మనిషి పోయిన మూడోనాడు 'పిట్టకు పెట్టుడు' అనే కర్మ ఉంది. పోయినవారికి బతికుండగా ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ దూరంగా నిలబడి చూస్తారు. బువ్వ, మాంసం కూర, బీడీలు, వాటి పక్కన కల్లు. కాలం అయితే సీతాఫలమూ ఉంటుంది. కల్తీకల్లు తాగి పోయినవారి ఇంట ఆ పూట విస్తరిలో కల్లు పెట్టాలా, పెడితే ఏ చెట్టుదని తెలుసుకుని తేవాలా అన్నది ఆ ఇంటి పెద్దకొడుకు ఒంటరిగా తేల్చుకోవాల్సిన ప్రశ్న.